మెడ వెనక ఇంజెక్షన్ ఇస్తే మందు సిరల దారిలో మెదడుకు చేరుతుందా?

స్వప్న_కె
మా నాన్నకు పక్షవాతం వచ్చి మూడేళ్లయింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట తడబడుతుంది. పోయిన నెల ఒక క్లినిక్‌లో ఎటనర్‌సెప్ట్ అనే మందు ఇంజెక్షన్ ఇప్పించాం. మెడ వెనక, వెన్నుపూసల పక్కన చర్మం కింద ఇచ్చి, వెంటనే బల్లను తల కిందికి వచ్చేలా కొన్ని నిమిషాలు వంచి ఉంచారు. అక్కడి సిరల్లో కవాటాలు ఉండవట, అందుకని రక్తం వెనక్కి పారి మందును మెదడుకు తీసుకెళ్తుందట.

ఆ సాయంత్రం నాన్న స్టీలు గ్లాసు పట్టుకున్నారు. మూడేళ్లుగా అరచేతికి అతుక్కుపోయినట్టుండే బొటనవేలు విడివడి గ్లాసు అంచుకు ఆనింది. నా కళ్లతో చూశాను. తమ్ముడు ఇదంతా మోసం అంటున్నాడు. రెండో డోసు విషయంలో ఇంట్లో రోజూ గొడవే. అసలు ఆ దారిలో మందు మెదడుకు చేరుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

మాధవ్_ఫార్మా
స్వప్న గారూ, నా మాట కటువుగా అనిపిస్తే మన్నించండి. చేరుతుందనడానికి నాకు ఆధారం కనిపించడం లేదు.

మెదడులోని సన్నని రక్తనాళాల లోపలి గోడలో కణాలు ఒకదానికొకటి సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. దీన్నే రక్త-మెదడు అవరోధం అంటారు. కొవ్వులో కరిగే చిన్న అణువులు దాటగలవు. వాటి బరువు సుమారు 500 డాల్టన్ల లోపు ఉంటుంది. ఎటనర్‌సెప్ట్ దాదాపు 1,50,000 డాల్టన్ల ప్రొటీను. అంటే ఆ హద్దుకు 300 రెట్లు. ఇది 1998లో అమెరికాలో కీళ్లవాతానికి అనుమతి పొందిన మందు. కీలు దగ్గర అలాంటి గోడ లేదు కాబట్టి అక్కడ పనిచేస్తుంది.

సిరలో వెనక్కి వెళ్లిందనే అనుకుందాం. అప్పుడూ అది నాళం లోపలే ఉంది కదా! దాటాల్సిన గోడ ఎక్కడికీ పోలేదు. ముందు గుమ్మం నుంచి వచ్చినా, వెనక గుమ్మం నుంచి వచ్చినా తలుపు మూసే ఉంది.

రఘు_అనాటమీ
మాధవ్ గారూ, దారి లేనే లేదన్నట్టు కొట్టిపారేయకండి. వెన్నెముక చుట్టూ ఉన్న సిరల వల నిజం. 1940లో ఆస్కార్ బాట్సన్ అనే అనాటమీ నిపుణుడు శవాల్లో, కటి భాగంలోని సిరలోకి ఎక్స్‌రేలో కనిపించే ద్రవం ఎక్కించి చూశారు. అది మామూలు దారిలో గుండె వైపు పోకుండా వెన్నెముక వెంట పైకి పాకింది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఊపిరితిత్తుల్ని వదిలేసి వెన్నుపూసల్లోకి ఎలా వెళ్తుందనే ప్రశ్నకు అప్పుడు జవాబు దొరికింది. అక్కడ రక్తం ఎటు పారాలన్నది ఒత్తిడిని బట్టి ఉంటుంది. దగ్గినా, ముక్కినా దిశ మారుతుంది. తల కిందికి వంచడం వెనక ఉన్న ఆలోచన ఇదే.

పైగా మెదడు గదుల్లో ద్రవాన్ని ఊరించే కోరాయిడ్ ప్లెక్సస్‌లో రక్తనాళాల గోడకు రంధ్రాలుంటాయి. ఎలుకకు గుర్తు తగిలించిన ఎటనర్‌సెప్ట్ వెన్నెముక పక్కన ఇచ్చి, తలకిందులుగా ఉంచి స్కాన్ తీస్తే ఆ భాగంలో కనిపించింది. ఇది ఊరికే పుట్టిన మాట కాదు.

మాధవ్_ఫార్మా
నాళానికి రంధ్రాలున్నాయి, నిజమే. కానీ కోరాయిడ్ ప్లెక్సస్‌లో ఆ నాళం పైన కప్పిన కణాల పొర అతుక్కునే ఉంటుంది. అడ్డు ఒక అడుగు అవతలికి జరిగిందంతే. బాట్సన్ చూపించింది దారిని. మందు గమ్యానికి చేరిందని, చేరాక పనిచేసిందని ఆయన చెప్పలేదు.

డ్యూటీ_నర్సు_17
ఒక మాట. మనం రక్తనాళాన్నీ నరమే అంటాం, నాడినీ నరమే అంటాం. "నరానికి ఇచ్చారు కాబట్టి నరాల జబ్బు తగ్గుతుంది" అని నమ్మే కుటుంబాలను వార్డులో ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. సెలైన్ ఎక్కే నరం సిర. మెదడు నుంచి చేతికి ఆజ్ఞ మోసేది నాడి. ఒకదాంట్లో పోసింది రెండోదానికి చేరుతుందన్న లెక్క లేదు.

అలాగని సిర దారి దండగ కాదు. మెదడు పొరలకు ఇన్‌ఫెక్షన్ వస్తే సెఫ్ట్రియాక్సోన్ సిరలోకే ఇస్తాం, డోసు పెంచి ఇస్తాం. వాపు వల్ల గోడ వదులవుతుంది, మందు లోపలికి వెళ్తుంది. వాపు తగ్గేకొద్దీ గోడ మళ్లీ బిగుస్తుంది కాబట్టి రోగి తేరుకుంటున్నాడని డోసు తగ్గించం. వెన్నెముక కండర క్షీణత ఉన్న పిల్లలకు నుసినెర్సెన్ మాత్రం నడుము దగ్గర సూది గుచ్చి వెన్ను ద్రవంలోకే ఇవ్వాలి. అదే జబ్బుకు 2019లో వచ్చిన జన్యు చికిత్స సిరలోకి ఒక్కసారి ఇస్తే చాలు, దాన్ని మోసే వైరస్ గోడ దాటగలదు. ఏ దారి అన్నది మందును బట్టే.

స్వప్న_కె
ఇవన్నీ అర్థమయ్యాయి. కానీ ఆ బొటనవేలి సంగతేంటి? దానికి సమాధానం ఎవరూ చెప్పలేదు.

మాధవ్_ఫార్మా
మీ నాన్నగారి చెయ్యి కదిలింది. దాన్ని నేను కాదనను, మీరు చూసింది అబద్ధం అననే అనను.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఇదే ఇంజెక్షన్‌ను 126 మంది మీద పరీక్షించారు. అందరికీ పక్షవాతం వచ్చి కనీసం ఏడాది దాటింది. కొందరికి అసలు మందు, కొందరికి ఉత్తి ద్రవం. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, పరీక్షించేవాళ్లకూ తెలియదు. 28 రోజుల తర్వాత చూస్తే మందు తీసుకున్నవాళ్లలో 53 శాతం మందికి జీవన నాణ్యత మెరుగైంది. ఉత్తి ద్రవం తీసుకున్నవాళ్లలో 58 శాతం మందికి. ఫలితం 2025లో వచ్చింది.

ఆ 58 శాతం మంది ఇళ్లలోనూ ఎవరో ఒకరు మీలాగే ఏదో ఒక మార్పు చూసి ఉంటారు. ఆశ, ఆ రోజు అందరూ చుట్టూ చేరడం, మళ్లీ గట్టిగా ప్రయత్నించడం, ఇవన్నీ కండరం బిగువును మార్చగలవు. ఆ మార్పు నిజమైనదే, కాకపోతే అది మందు వల్ల వచ్చిందని చెప్పలేం.

రఘు_అనాటమీ
పక్షవాతం తర్వాతి నొప్పి మీద అంతకుముందు జరిగిన చిన్న ట్రయల్‌లో మేలు కనిపించింది. నొప్పికి పనికొస్తుందేమోనన్న ప్రశ్న నా దృష్టిలో ఇంకా మూసుకుపోలేదు. కానీ చేతి కదలిక కోసం రెండో డోసు ఇప్పించమని నేనూ చెప్పలేను. 126 మంది ఫలితం ముందు పెట్టుకుని ఎలుక స్కాన్ చూపించి ఒప్పించడం న్యాయం కాదు.

డ్యూటీ_నర్సు_17
స్వప్న గారూ, మొదటి డోసుకు ముందు క్షయ పరీక్ష చేశారా? ఈ మందు రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది, ఒంట్లో నిద్రపోతున్న క్షయను లేపగలదు. జ్వరం గానీ, విడవని దగ్గు గానీ ఉంటే ఆలస్యం చేయకుండా చూపించండి.

స్వప్న_కె
పరీక్ష ఏదీ చేయలేదు. ఆ క్లినిక్‌లో ఎవరూ అడగలేదు కూడా. రేపే తీసుకెళ్తాను.

రెండో డోసు ఆపేశాం. తమ్ముడికీ చెప్పాను. ఫిజియోథెరపీ మధ్యలో మానేశాం, సోమవారం నుంచి మళ్లీ మొదలు. వారానికోసారి నాన్న గ్లాసు పట్టుకునే వీడియో తీస్తాను. తేదీలు చెప్పకుండా, వరస కలిపేసి థెరపిస్ట్‌కి చూపించి, ఏది ముందో ఏది తర్వాతో చెప్పమంటాను. నేను చూసిన బొటనవేలు అందులో కనిపిస్తుందేమో చూడాలి.