నాటింగ్‌హామ్ లేసు, మన నరసాపురం లేసు ఒకటేనా?

ప్రశ్న (మొగల్తూరు):
మా అమ్మ చిన్నప్పటి నుంచీ లేసు అల్లుతోంది. ఇంగ్లండ్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు నాటింగ్‌హామ్ లేసు కర్టెన్ ఫొటో పంపి, "మీరు అల్లేది ఇదే కదా, ఇక్కడ మెషిన్ మీద గజాల్లెక్కన వస్తుంది" అంది. అమ్మ ముఖం చిన్నబోయింది. నిజంగా రెండూ ఒకటేనా? మరి మెషిన్ వచ్చాక కూడా మన పని ఎలా మిగిలింది?

జవాబు (పాలకొల్లు, అల్లిన లేసు ముక్కలు కలిపే అతుకుపని చేస్తాను):
కాదండి, ముందు అమ్మగారికి ఆ మాట చెప్పండి! జాన్ హీత్‌కోట్ 1808లో పేటెంట్ తీసుకున్న మెషిన్ దారాలను మెలిపెట్టి వల చేస్తుంది. 1846లో జాన్ లివ్‌సీ కర్టెన్ల మెషిన్ తెచ్చాడు, ఆ ఫొటోలోది ఆ రకమే. వీటి దెబ్బ పడింది ఇంగ్లండ్‌లోని హానిటన్ లాంటి ఊళ్లలో దిండు మీద గుండుసూదులు గుచ్చి, చిన్న కండెలతో లేసు అల్లే ఆడవాళ్ల మీద. విక్టోరియా రాణి 1840లో పెళ్లికి హానిటన్ లేసు వేసుకుంది, వాళ్లకి పని దొరకాలనే.

మనది క్రోషె. కొన వంకీ ఉన్న ఒక సూది, ఒక దారం, ఉచ్చులోంచి ఉచ్చు లాగడం. అచ్చంగా ఇలా అల్లే మెషిన్ ఇప్పటికీ మార్కెట్‌లోకి రాలేదు. 1845 తర్వాత ఐర్లండ్‌లో బంగాళాదుంప కుళ్లి కరువొస్తే, కాన్వెంట్లలో సన్యాసినులు ఈ పనే నేర్పి ఎన్నో ఇళ్లు నిలబెట్టారు. మన దగ్గరా 19వ శతాబ్దంలో మిషనరీలే నేర్పారు. ఆ రోజుల్లో ఇంగ్లండ్ ఇళ్లలో బల్లల మీదకి, మగవాళ్ల తలనూనె అంటకుండా కుర్చీ వీపులకి లేసు గుడ్డలు వేసేవాళ్లు, అందుకే గిరాకీ ఉండేది.

జవాబు (నరసాపురం):
క్రోషెలా కనిపించే మెషిన్ సరుకు కూడా ఉంది, జాగ్రత్త. గుడ్డ మీద ఎంబ్రాయిడరీ చేసి, ఆ గుడ్డని కరిగించేస్తారు. తిరగేసి చూడండి, దారం అటూ ఇటూ దట్టంగా పోయి ఉంటుంది, క్రోషెలోలా ఉచ్చుల గొలుసు కనబడదు. మన లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. రేటు మాత్రం అల్లేవాళ్ల చేతికి సరిగా రావడం లేదు, నాకు అదే బాధ.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండి. ఐరిష్ క్రోషెలో గులాబీ ఎలా అల్లుతారని అమ్మ అడుగుతోంది.

జవాబు (పాలకొల్లు):
పై రేకుల వెనక గొలుసు వేసి, దాని మీద ఇంకాస్త పెద్ద రేకులు అల్లుతారు. అలా వరస మీద వరస. పువ్వు ఉబ్బుగా నిలబడాలంటే లోపల లావు దారం పెట్టి దాని మీదుగా అల్లమనండి.