పల్లీసభలో ఎండ, ఉప్పునీళ్లు, సముద్రం కోత గురించి ఏం రాయించాలి?

గంజాం వార్డు మెంబరు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గంజాం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న వేట ఊరు. ఇంట్లో తెలుగు, కాగితాలన్నీ ఒడియా. 2022 ఎన్నికల్లో వార్డు మెంబరుగా గెలిచాను. వచ్చే నెల మా పల్లీసభ, అంటే మా వార్డు జనమంతా కూర్చునే సభ. పంచాయతీ ప్రణాళికలోకి ఏ పనులు పోవాలో అక్కడే రాసుకుంటాం. ఇంతవరకూ సిమెంటు రోడ్డు, కాలవ, మళ్లీ సిమెంటు రోడ్డు. నేనూ వాటికే చెయ్యెత్తాను.

ఈసారి వేరే పనులు రాయించాలని ఉంది. మా అత్తగారు కాపురానికి వచ్చిన రోజుల్లో ఇంటికీ అలకీ మధ్య రెండు వరసల సరుగుడు చెట్లు, వాటి ముందు వలలు ఆరేసే ఇసుక తిన్నె ఉండేవట. 2013లో ఫైలిన్ తుఫాను రాత్రి మమ్మల్ని షెల్టరుకి తరలించారు, ప్రాణాలు దక్కాయి. తిరిగొచ్చి చూస్తే ముందు వరస చెట్లు లేవు. ఇప్పుడు తిన్నె కూడా లేదు. మా జిల్లాలోనే ఉన్న పొడంపేటలో ఇళ్లు సముద్రంలో కలిసిపోతే జనం వెనక్కి జరగడం చూసినవాళ్లం. రేపు మాదీ అంతేనా అని రాత్రిపూట అనిపిస్తుంది.

చేతిపంపు నీళ్లు వేసవిలో ఉప్పగా అయిపోతాయి, వాటితో పప్పు ఉడకదు. ఇక ఎండ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపేస్తారు. ముదురు ఎండలన్నీ ఆ రెండు నెలల్లోనే. మగవాళ్లు మట్టి పనికి పోతారు, ఆడవాళ్లం ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకి పోతాం. పోయిన మే నెలలో మా పక్కింటి పిన్ని బస్సు కోసం నిలబడిన చోటే పడిపోయింది. బతికింది. కానీ ఎండ ముదిరితే నాకు ఇప్పటికీ టెన్షనే.

ఇవన్నీ చెబితే ‘అది సర్కారు పని, పంచాయతీది కాదు’ అంటున్నారు. నిజమేనా? మా చేతిలో ఏముంది?

పర్లాకిమిడి మాస్టారు

అమ్మా, సముద్రానికి అడ్డుకట్ట వేయడం పంచాయతీ వల్ల కాదు, అది నిజం. మిగతావి చాలావరకు మీ చేతిలోవే. ముందు ఒక సంగతి. ఒడిశా పంచాయతీ చట్టం ప్రకారం పల్లీసభకి అధ్యక్షత వహించేది ఆ వార్డు మెంబరే. కుర్చీ మీది తల్లీ. తీర్మానం పుస్తకంలో ఏం రాశారో సంతకం పెట్టే ముందు అందరికీ వినపడేలా చదివించండి.

మా గజపతి జిల్లాకి సముద్రం లేదు. తుఫాను అంటే మీ గంజాం వాళ్ల కష్టం అనుకునేవాళ్లం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. వాన మా కొండల మీద కురిసింది. బారఘర ఊళ్లో జనం తలదాచుకున్న చోటే కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా పోయారు. వాన ముదిరితే ఎక్కడికి పోవాలో తెలిస్తే చాలదు, ఎక్కడ ఉండకూడదో కూడా ముందే తెలిసి ఉండాలి. అప్పటినుంచీ ప్రతి సభలో ఇదే చెబుతున్నాను.

తిత్లీ తరవాత పిల్లల్ని వెంటేసుకుని మా వీధులన్నీ తిరిగాను. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఇంటివాళ్లని అడిగి, గోడ మీద సున్నంతో గీత పెట్టాం. నడవలేని ముసలివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో రాసుకున్నాం. గీతలన్నీ చూస్తే ఒక విషయం బయటపడింది. కొత్త సిమెంటు రోడ్డుకి ఎగువనున్న ఇళ్లలో నీరు మోకాలి పైకి వచ్చింది, దిగువన పాదాలు తడిసేంతే. రోడ్డు కట్టలా అడ్డుపడింది. మేమే అడిగి వేయించుకున్న రోడ్డు! మరుసటి ఏడాది దాని కింద రెండు తూములు రాయించాం.

అందుకే ‘వాతావరణ మార్పు’ అని విడిగా పద్దు పెట్టించకండి, అది చివరికి పోతుంది. వచ్చిన ప్రతి పనినీ రెండు ప్రశ్నలు అడగండి. వాన పడితే ఈ పని నీళ్లని ఎటు పంపుతుంది? ఎండాకాలం ఇక్కడ మనిషి నిలబడగలడా?

పంచాయతీ లెక్కలు చూసే మనిషి

మాస్టారు చెప్పినదానికి డబ్బు సంగతి కలుపుతాను. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకి ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని నిబంధన ఉండేది. ఆ తాగునీటి వాటాలో వాననీటి నిల్వ కూడా వచ్చేది. షెల్టరు పైకప్పు పెద్దది కదా, ఆ వాననీరు పట్టే తొట్టి రాయించవచ్చు అక్కా. ఈ ఏడాది నిబంధనలు ఒకసారి పంచాయతీ సమితి (బ్లాకు) ఆఫీసులో అడగండి.

ఎండ విషయంలో ఎవరైనా ఎగతాళి చేస్తే 1998 గుర్తుచేయండి. ఆ వేసవిలో ఒడిశాలో రెండువేల మందికి పైగా వడదెబ్బకి పోయారు. బస్సు ఆగేచోట నీడ, చలివేంద్రం, మట్టి పని పొద్దున్నే మొదలుపెట్టి ఎండెక్కకముందే ఆపడం: వీటికి పెద్ద ఖర్చు లేదు.

2005 విపత్తు చట్టం ప్రకారం ప్రతి జిల్లాకీ ఒక ప్రణాళిక ఉండాలి, దాన్ని ఏటా సరిచూడాలి. సముద్రం కోత తీర్మానం నకలు కలెక్టరాఫీసుకి పంపి రసీదు తీసుకోండి. రసీదు లేని కాగితం పంపనట్టే లెక్క.

సిరొంచ నుంచి

మాది గడ్చిరోలి జిల్లా. మహారాష్ట్రలో 2020 నుంచి ‘మాఝీ వసుంధర’ అని ఒక పర్యావరణ కార్యక్రమం ఉంది, పంచభూతాల పేరున ఊళ్లకీ పట్టణాలకీ మార్కులు వేస్తారు. మార్కులుంటే ఊరు కదులుతుంది, అది మంచిదే. కానీ మొక్కలు నాటే తీర్మానంలో రెండో వేసవిలో నీళ్లు పోసేది ఎవరో పేరు రాయించండి. మా వీధిలో ఆ పేరు లేక వరస మొత్తం ఎండిపోయింది. మీకు ఇసుక నేల కాబట్టి సరుగుడుతోపాటు మొగలి కూడా పెట్టండి, మీ గంజాంలో దానికి పువ్వు డబ్బులూ వస్తాయి కదా.

గంజాం వార్డు మెంబరు

మాస్టారూ, మీ మాట చదివి మా కొత్త రోడ్డు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. మాదీ కట్టలాగే ఉంది. తూము ఒక్కటీ లేదు. దాని వెనకాల పదకొండు ఇళ్లు.

ఆదివారం మా అత్తగారినీ, ఇంకో ఇద్దరు ముసలమ్మలనూ తీసుకుని ఊరంతా తిరుగుతాం. ఫైలిన్ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వాళ్లకి తెలుసు. సున్నం కొనేశాను. మొగలికి నీళ్లు పోసే బాధ్యత పక్కింటి పిన్ని తీసుకుంటానంది. పేరు రాయిస్తున్నాను.