పాత పెళ్లి డీవీడీలు చదివే చిన్న ప్లేయర్ ఏది కొనాలి?

మా పదేళ్ల నాటి డీవీడీ ప్లేయర్ నెల రోజులుగా మొరాయిస్తోంది. కొన్న సినిమా డిస్కులు బాగానే ఆడుతున్నాయి. 2009లో అక్క పెళ్లికి వీడియో అతను రాసిచ్చిన మూడు డీవీడీ-ఆర్ (ఒక్కసారి రికార్డు చేసే రకం) డిస్కులు పెడితే మాత్రం అర నిమిషం గిర్రున తిరిగి, టక్ టక్‌మని రెండుసార్లు కొట్టుకుని ‘నో డిస్క్’ అంటోంది. అవే డిస్కులు ఆఫీసు కంప్యూటర్‌లో చక్కగా వచ్చాయి. అంటే తప్పు ప్లేయర్ లెన్సుదే అనుకుంటా.

లెన్సును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచాను, మార్పు లేదు. రిపేరు షాపులో కొత్త లెన్సుకు 900 అడిగారు, గ్యారంటీ మాత్రం ఇవ్వలేమన్నారు. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ అరువు తెచ్చి టీవీకి పెడితే టీవీ దాన్ని గుర్తించనే లేదు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించొచ్చు కానీ, అమ్మకు డిస్కు పెట్టి బటన్ నొక్కడమే అలవాటు.

టీవీకి హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంది, పసుపు-ఎరుపు-తెలుపు పిన్నులకు చోటు లేదు. కన్వర్టర్ వాడితే పెళ్లికూతురు సాగదీసినట్టు కనబడుతోంది! డిస్కులు పాల్ (PAL, మన దేశంలో వాడిన టీవీ పద్ధతి) ఫార్మాట్‌వి. ప్లేయర్ టీవీ కింద అరలో పట్టాలి, వెడల్పు 25 సెంటీమీటర్లు మించకూడదు. బడ్జెట్ 2,500. ఆన్‌లైన్ రివ్యూల్లో ఇంట్లో రాసిన డిస్కుల సంగతి ఎవరూ చెప్పడం లేదు.

హెచ్‌డీఎంఐ ఉండి, ఇలాంటి పాత డీవీడీ-ఆర్ డిస్కులను కనీసం ఏడాదిగా మీ ఇంట్లో ఇబ్బంది లేకుండా ఆడిస్తున్న చిన్న ప్లేయర్ ఏ మోడల్?