13 ఏళ్ళ పాపకి హెచ్‌పీవీ వ్యాక్సిన్ ఇప్పుడే వేయించాలా? ఈ వయసు పిల్లలకి అసలు రిస్క్ ఎక్కడ్నుంచి వస్తుంది?

సిరి_వాళ్ళమ్మ:
అందరికీ నమస్తే. మొన్న మా పాపకి జ్వరమొస్తే పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం, ఆవిడ మందులు రాసేసి చివర్లో 13 వచ్చాయి కదా హెచ్‌పీవీ వేయించారా అని అడిగారు, అది గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్ రాకుండా వేసే టీకా అన్నారు. ఇంటికొచ్చి చెప్తే మా అత్తయ్య ఒప్పుకోవట్లేదు, పెద్దమనిషై ఏడాది కూడా కాలేదు అప్పుడే దానికి అదేం సూది, పెళ్ళయ్యాక చూసుకోవచ్చు, అయినా అది నడవడిక బాగోలేని వాళ్ళకి వచ్చే జబ్బట కదా అంటున్నారు. మావారి భయం వేరు. మాది పాత ఖమ్మం జిల్లా, అప్పట్లో భద్రాచలం వైపు హాస్టల్ పిల్లలకి ఇదే ఇంజెక్షన్ వేస్తే కొందరు చనిపోయారని ఆయనకి గట్టిగా గుర్తు. నాకేమో ఎవరి మాట వినాలో తెలీట్లేదు. అసలు ఇంత చిన్నపిల్లలకి రిస్క్ ఏంటి? ఇంకోటి, మా ఆడపడుచు కూతురికి 17 ఏళ్ళకే పెళ్ళి చేసేశారు, ఇప్పుడు 19, చంటిబాబు ఉన్నాడు, తనకి ఇంక లాభం లేనట్టేనా? తెలిసిన వాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

స్టాఫ్‌నర్స్_పద్మ:
అమ్మా, నేను గైనిక్ ఓపీలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ముందు మీ అత్తయ్యగారి మాట గురించి చెప్తాను ఎందుకంటే నాకు రోజూ వినపడే మాట అదే. ముట్లు ఆగిపోయాక మళ్ళీ బ్లీడింగ్ అవుతోందనో, వాసనతో తెల్లబట్ట అవుతోందనో 45, 50 ఏళ్ళ ఆడవాళ్ళు వస్తారు, చూస్తే ముఖద్వారం దగ్గర గడ్డ బాగా పెరిగిపోయి ఉంటుంది. వాళ్ళలో చాలామంది జీవితంలో మొగుణ్ణి తప్ప ఇంకొకర్ని ఎరగని వాళ్ళే. ఈ క్యాన్సర్‌కి కారణం హెచ్‌పీవీ అనే వైరస్, అది కలయిక ద్వారా అంటుకుంటుంది, రావడానికి ఒక్క మనిషి చాలు. ఆ మనిషికి పెళ్ళికి ముందు ఎవరితోనైనా సంబంధం ఉంటే, తనకే తెలీకుండా వైరస్ ఉండొచ్చు, మగవాళ్ళలో ఎక్కువగా ఏ లక్షణమూ కనిపించదు. కాబట్టి పిల్ల నడవడికకీ దీనికీ ముడిపెట్టొద్దని ఆవిడకి మెల్లగా చెప్పండి.

ఇక చిన్న వయసులో రిస్క్ ఎందుకంటే, టీనేజ్‌లో ముఖద్వారం ఇంకా పూర్తిగా తయారవదు. లోపలి వైపు ఉండాల్సిన మెత్తటి పొర బయటికి వచ్చి ఉంటుంది, అది నెమ్మదిగా గట్టి పొరగా మారుతుంటుంది, ఆ మార్పు జరిగే చోటే ఈ వైరస్‌కి లోపలికి దూరడం తేలిక. ఆ క్యాన్సర్ మొదలయ్యేదీ ఎక్కువగా ఆ చోటే. అందుకే 16, 17 ఏళ్ళకే పెళ్ళి చేసి కాపురానికి పంపడం పెద్ద రిస్క్, వెంటనే కాన్పు, ఏడాది తిరిగేసరికి ఇంకో కాన్పు అయితే రిస్క్ ఇంకా పెరుగుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో 18 నిండకుండా పెళ్ళయినవాళ్ళు ఆంధ్రాలో 29 శాతం, తెలంగాణలో 23 శాతం పైన ఉన్నారు. నా దృష్టిలో మన దగ్గర ఆడపిల్లలకి అసలు రిస్క్ ఇదే, పెద్దవాళ్ళు ఒప్పుకోరు గానీ.

మిగతావి కూడా ఉన్నాయి, భర్తకో పార్ట్‌నర్‌కో ఇంకా సంబంధాలు ఉండటం, వేరే సుఖవ్యాధులు, హెచ్‌ఐవీ ఉండటం (హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు), ఏదైనా జబ్బుకి చాలాకాలం ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడటం, పొగ తాగడం, గర్భం రాకుండా వాడే మాత్రలు ఐదేళ్ళకి పైగా వేసుకోవడం. కండోమ్ వాడితే కొంత తగ్గుతుంది కానీ ఇది చర్మం తగిలితే అంటుకునేది కాబట్టి పూర్తిగా ఆపదు. చాలామంది నెలసరికి గుడ్డ వాడితే వైరస్ వస్తుందా అని అడుగుతారు, గుడ్డ వల్ల ఈ వైరస్ పుట్టదు, శుభ్రంగా ఉతికి ఎండలో ఆరేసుకుంటే చాలు.

భయపడిపోకండి కూడా, వైరస్ వచ్చిన ప్రతి అమ్మాయికీ క్యాన్సర్ రాదు. పదిమందిలో తొమ్మిది మందికి రెండేళ్ళలోపు ఒళ్ళే దాన్ని తరిమేస్తుంది. పోకుండా ఏళ్ళ తరబడి ఉండిపోయిన వాళ్ళకే ముప్పు, అందులోనూ హెచ్‌పీవీ వైరస్‌లో 16, 18 అనే నంబర్లున్న రెండు రకాలే దాదాపు 70 శాతం కేసులకి కారణం. క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15, 20 ఏళ్ళు పడుతుంది. అందుకనే టీనేజ్ పిల్లలకి హెచ్‌పీవీ టెస్ట్ చేయించమని మేం చెప్పం, అనవసరంగా కంగారు తప్ప ఏమీ ఉండదు.

భద్రాద్రి_కుర్రాడు:
అక్కా నాది కొత్తగూడెం, మీ వారు చెప్పింది నిజంగా జరిగిందే కాబట్టి ఆయన్ని తప్పుపట్టకండి. 2009 జూలైలో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ), అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి వేశారు, గుజరాత్‌లో వడోదర జిల్లాలో కూడా వేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారని బయటికొచ్చాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. తర్వాత ప్రభుత్వం వేసిన కమిటీ చూస్తే పాము కాటు, నీళ్ళలో మునగడం, పురుగుమందు తాగడం, మలేరియా లాంటి కారణాలు తేలాయి, టీకాకి సంబంధం ఉన్నట్టు దొరకలేదు.

కానీ జరిగిన తప్పు చిన్నది కాదు. ఆశ్రమ స్కూళ్ళలో కోయ పిల్లల తల్లిదండ్రుల్ని అడక్కుండా వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టేశారు, కొంతమంది పిల్లలకి అది ఏం సూదో కూడా చెప్పలేదు, పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దీనిమీద చాలా గట్టిగా రాసింది. ఆ కోపం మా ఊళ్ళల్లో ఇప్పటికీ ఉంది, ఉండాలి కూడా. నేను అడిగేది ఒకటే, అడక్కుండా వేసినందుకు వేసినవాళ్ళని నిలదీయాలి గానీ మన పిల్లలకి టీకానే దూరం చేస్తే ఎలా? మా అక్క కూతురికి పోయిన ఏడాది మేమే కూర్చుని చదివి, డాక్టర్ని అడిగి, పిల్లకి కూడా చెప్పి వేయించాం.

మాధవి_ఇంగ్లండ్:
ఇక్కడైతే స్కూల్లోనే 12, 13 ఏళ్ళకి వేస్తారండి, ముందు ఇంటికి కన్సెంట్ ఫారం వస్తుంది, మేం చదివి సరే అన్నాకే వేస్తారు, పైన తమ్ముడు చెప్పింది చదువుతుంటే చాలా బాధేసింది. 2008లో అమ్మాయిలకి మొదలుపెట్టారు, 2019 నుంచి అబ్బాయిలకి కూడా వేస్తున్నారు, 2023 సెప్టెంబర్ నుంచి ఒక్క డోసే. మా ఇద్దరు పిల్లలకీ అయింది, చెయ్యి ఒకరోజు నొప్పి అంతే. 12, 13 ఏళ్ళకి వేయించుకున్న అమ్మాయిలు పెద్దయ్యాక లెక్క చూస్తే ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. లేటుగా 16, 18 ఏళ్ళ మధ్య వేయించుకున్న వాళ్ళలో తగ్గుదల 34 శాతమే, అందుకే పెళ్ళయ్యాక చూద్దాం అనే మాట అస్సలు వినకండి.

సిరి_వాళ్ళమ్మ:
అందరికీ చాలా థాంక్స్, మావారికి కూడా ఇదంతా చదివి వినిపించాను, కొంచెం మెత్తబడ్డారు. పద్మగారూ ఎన్ని డోసులు, ఎంతవుతుంది, ముందు ముందు పిల్లలు పుట్టడానికి ఏమన్నా ఇబ్బంది వస్తుందా? అత్తయ్య నెక్స్ట్ అదే అడుగుతారు. పాపకి నెలసరి టైం అయితే వేయించొచ్చా?

స్టాఫ్‌నర్స్_పద్మ:
పిల్లలు పుట్టడానికి ఏ ఇబ్బందీ లేదమ్మా, ఇందులో బతికున్న వైరస్ ఉండదు, వైరస్ పైపొరలో ఉండే ప్రోటీన్ మాత్రమే ఉంటుంది, దాన్నుంచి ఇన్ఫెక్షన్ వచ్చే ప్రశ్నే లేదు. 9 నుంచి 14 ఏళ్ళ వాళ్ళకి బయట ఆస్పత్రుల్లో ఆరు నెలల తేడాతో రెండు డోసులు వేస్తారు, 15 నిండితే మూడు. ఈ వయసుకి ఒక్క డోసు కూడా సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది, మన దేశంలో పిల్లల మీద పదేళ్ళు చూసిన లెక్కలు కూడా అందుకు పనికొచ్చాయి. రేటుకొస్తే సీరం కంపెనీ వాళ్ళ సెర్వావాక్ అనే టీకా 2023లో డోసు 2000 దగ్గర్లో ఉండేది, గార్డాసిల్ అనే ఇంకో టీకా అంతకంటే ఎక్కువ, అందులో తొమ్మిది రకాల వైరస్‌కి పనిచేసేది ఇంకా ఎక్కువ. కొనేముందు మీ పీహెచ్‌సీలో ఏఎన్‌ఎంనో ఆశా వర్కర్‌నో ఉచితంగా వేస్తున్నారేమో అడగండి.

మీ ఆడపడుచు కూతురి సంగతి, లాభం లేదని ఎవరన్నా అంటే నమ్మొద్దు. ఇప్పటికే ఒంట్లో వైరస్ ఉంటే టీకా దాన్ని పోగొట్టదు, కానీ ఇంకా రాని రకాల నుంచి కాపాడుతుంది, బాబుకి పాలిస్తున్నా వేయించుకోవచ్చు. మళ్ళీ గర్భం ఉంటే మాత్రం ఆగి కాన్పు అయ్యాక వేయించుకోవాలి. భర్తతో కలిసినప్పుడు రక్తం కనిపించినా, నెలసరికీ నెలసరికీ మధ్యలో అయినా సిగ్గుపడి దాచుకోకుండా చూపించుకోమనండి. 30 దాటాక టీకా వేయించుకున్నా వేయించుకోకపోయినా స్క్రీనింగ్ (క్యాన్సర్ కోసం ముఖద్వారం పరీక్ష) చేయించుకోవాలి, ఇది మీకు కూడా వర్తిస్తుంది, 2019-21 సర్వే నాటికి దేశం మొత్తం మీద ఆ వయసు ఆడవాళ్ళలో చేయించుకున్నవాళ్ళు 2 శాతం కూడా లేరు. పాపని తీసుకెళ్ళినప్పుడే మీ టెస్ట్ కూడా అడిగేయండి, ఐదు నిమిషాల పని.

నెలసరిలో ఉన్నా వేయించొచ్చు. ఖాళీ కడుపుతో మాత్రం తీసుకెళ్ళొద్దు, ఈ వయసు పిల్లలు సూది చూసి కళ్ళు తిరిగి పడిపోతుంటారు, వేశాక ఒక పావుగంట అక్కడే కూర్చోబెట్టి తీసుకురండి.