ఎప్పుడో పడిన శిక్షను ఉద్యోగ దరఖాస్తులో రాయాలా?

పెన్నాతీరం (ప్రొద్దుటూరు):
మా తమ్ముడి విషయం. 2014 సంక్రాంతికి మామిడితోటలో పేకాడుతుంటే పోలీసులు పట్టుకున్నారు. వాడికి అప్పుడు ఇరవై ఏళ్లు. కోర్టులో తప్పు ఒప్పుకొని జరిమానా కట్టి వచ్చాడు. దాంతో కేసు పోయిందనే ఇంటిల్లిపాదీ అనుకున్నాం. ఇప్పుడు ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో స్టోర్స్ ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నాడు. అందులో ‘మీకు ఎప్పుడైనా కోర్టులో శిక్ష పడిందా?’ అని అడిగారు. ‘లేదు’ అని రాసేయమని నాన్న పట్టుబడుతున్నారు. తమ్ముడికి మనసు ఒప్పడం లేదు. మీరేమంటారు?

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
న్యాయవాదిగా చెబుతున్నాను. తప్పు ఒప్పుకొని జరిమానా కట్టారంటే కేసు పోయినట్లు కాదు, నేరం రుజువైనట్లు. జరిమానా వంద రూపాయలైనా శిక్ష శిక్షే. ‘ఒప్పుకొని కట్టేస్తే సాయంత్రానికి ఇంటికి పోవచ్చు’ అని కోర్టు వరండాలో తొందరపెట్టేవాళ్లు ఈ సంగతి చెప్పరు. చెప్పాల్సిన బాధ్యత మా వృత్తిలో ఉన్నవాళ్లది, చాలామంది చెప్పడం లేదు. లోక్ అదాలత్‌లో రాజీ కేసులూ తప్పొప్పుకోలు కేసులూ ఒకే పూట ముగుస్తాయి కాబట్టి జనం రెండూ ఒకటే అనుకుంటారు. కొట్లాట కేసులో ఇరుపక్షాలూ చట్టప్రకారం రాజీపడితే ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్లే. పేకాట కేసులో రాజీపడటానికి ఎదుటి పక్షమే ఉండదు.

ముందు తీర్పు నకలు తీయించండి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలించి వదిలేసి ఉంటే, అదే చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదు. అయినా శిక్ష పడిన మాట చెరిగిపోదు. అడిగారు కాబట్టి ‘అవును’ అనే రాయాలి.

ఏడురోడ్లు (కడప):
రాస్తే ఏమవుతుందో కూడా చెప్పండి సార్. ‘అవును’ అని ఉన్న దరఖాస్తు పక్కకు పోతుంది, ఇంటర్వ్యూకు పిలుపే రాదు. సెక్యూరిటీ గార్డు పనికి 2005 నాటి చట్టమైతే కోర్టు శిక్ష పడినవాళ్లను తీసుకోనే కూడదంటుంది. హత్య చేసినవాడినీ పేకాడినవాడినీ ఒకే గాటన కట్టిన చట్టం అది! నిజం రాయమని చెప్పడం జీతం వస్తున్నవాళ్లకు సులువు.

గడియార స్తంభం (అనంతపురం):
నేను ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగుల నియామకాలు చూస్తాను. మీ మాటలో నిజం ఉంది. చదవకుండానే పక్కన పెట్టే అధికారులు ఉన్నారు, వారితో గొడవపడ్డాను కూడా. కానీ దాచినవాళ్ల గతి మీరు చూడలేదు. మన పల్లెల్లో పాత పగలు సంగతి తెలిసిందే. కుర్రవాడికి ఉద్యోగం ఖాయమై పెళ్లిచూపులు మొదలయ్యేసరికి కంపెనీకి ఆకాశరామన్న ఉత్తరం వస్తుంది, కేసు నంబరుతో సహా. అప్పుడు పేకాట సంగతి ఎవరూ పట్టించుకోరు. దరఖాస్తులో అబద్ధం రాశాడని తీసేస్తారు. నియామక పత్రంలో ఆ షరతు కింద అతని సంతకమే ఉంటుంది. ఆ కాగితం ముందు పెట్టుకొని అతని తరఫున నేను ఏమని వాదించను?

ఏడురోడ్లు:
అయితే ఆ ప్రశ్నే తప్పు. ‘ఎప్పుడైనా’ ఏమిటి? బ్రిటన్‌లో 1974లోనే చట్టం చేశారు. చిన్న శిక్షలైతే నిర్ణీత కాలం గడిచాక చాలా ఉద్యోగాలకు చెప్పనక్కర్లేదు. మన దగ్గర పెద్దవాళ్లకు అలాంటి చట్టం లేదు. ఇరవై ఏళ్లప్పుడు ఆడిన ఆట అరవై ఏళ్లకూ రాయాలా?

కొండారెడ్డి బురుజు:
ఈ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. పద్దెనిమిది నిండనివారికి మాత్రం 2015 బాలల న్యాయ చట్టంలో రక్షణ ఉంది. మిగతావారికి దిక్కు 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. చిన్న నేరమైతే దాచినా యజమాని తన విచక్షణతో క్షమించవచ్చని అందులో ఉంది. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని ఒత్తిడి చేయలేమనీ ఉంది. అవి ప్రభుత్వోద్యోగాల కేసులు, ప్రైవేటు యజమానికి ఆ మాత్రం కట్టుబాటు కూడా లేదు.

ఇంకొకటి. అడగని విషయం రాయకూడదు. మన సీమలో ఊళ్లో గొడవ జరిగితే ఆ వీధిలో మగవాళ్లందరి పేర్లూ ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కుతాయి. కేసు వేరు, శిక్ష వేరు. శిక్ష గురించే అడిగితే కొట్టేసిన కేసులూ బైండోవర్లూ (ఇకపై గొడవలకు పోమని అధికారులు రాయించుకునే పూచీకత్తులు) రాసి మెడకు తగిలించుకోవద్దు. పోలీసు ఉద్యోగాల ఫారాల్లో అయితే అరెస్టులూ నడుస్తున్న కేసులూ కూడా అడుగుతారు, అక్కడ అన్నీ రాయాలి.

గడియార స్తంభం:
తమ్ముడిని ‘అవును’ అని ఒక్క ముక్క రాసి వదిలేయవద్దనండి. ఏ సంవత్సరం, ఏ సెక్షన్, జరిమానా ఎంత, ఆ తర్వాత ఏ కేసూ లేదు అని నాలుగు వరుసల్లో రాసి తీర్పు నకలు జతచేయమనండి. చదివేవాడికి అది పేకాట అని తెలియాలి. ఖాళీగా వదిలితే దొంగతనమే అనుకుంటాడు.

పెన్నాతీరం:
సోమవారం నకలుకు దరఖాస్తు పెడుతున్నాం. నాన్న ఇంకా ఒప్పుకోలేదు.

ఏడురోడ్లు:
పెట్టండి. కానీ పిలుపు రాకపోతే ఇక్కడికే వచ్చి చెప్పండి. రాయమన్న ఈ ఇద్దరూ అతనికి ఇంకో చోట పని చూపించే బాధ్యత తీసుకోవాలి.

గడియార స్తంభం:
తీసుకుంటాను. బయోడేటా నాకు పంపండి.