వైరాలజీ పీహెచ్‌డీకి ఫెలోషిప్: ప్రాజెక్టులో చేరాలా, నెట్ కోసం ఆగాలా?

ప్రశ్న (చివరి సెమిస్టర్, తిరుపతి)
ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ వైరాలజీ పూర్తి కావస్తోంది. నిపా వైరస్ మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఒక ల్యాబ్‌లో ప్రాజెక్టు పోస్టు ఖాళీగా ఉంది. ఫెలోషిప్‌కి రాసే జాతీయ పరీక్ష నెట్ ఇంకా రాయలేదు. చేరిపోవచ్చా? విదేశాల్లో దారులున్నాయా?

బెంచ్‌మేట్
చేరండి, కానీ నెట్ వదలకండి. ప్రాజెక్టు జీతం ప్రాజెక్టుతోనే ఆగిపోతుంది, మీ థీసిస్ మాత్రం అప్పటికి సగంలో ఉంటుంది. నెట్‌తో వచ్చే సీఎస్ఐఆర్ జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మీ పేరు మీద వస్తుంది: మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలో) అయ్యాక 42,000, మొత్తం ఐదేళ్ల దాకా. ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) వేరు. సొంత ఫెలోషిప్ ఉన్నవాళ్లను గైడ్లు తేలిగ్గా తీసుకుంటారు, ఎందుకంటే గైడ్ల గ్రాంటు మీద స్టైపెండ్ భారం పడదు.

నెట్ లైఫ్ సైన్సెస్ పేపర్లో పార్ట్ సి మీదే ఎక్కువ సమయం పెట్టండి. 75 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు, ఒక్కోదానికి 4 మార్కులు. 200లో సగం అక్కడే. ఇమ్యునాలజీ, హోస్ట్-పాథోజెన్ సంబంధాలు, మాలిక్యులర్ బయాలజీ, మెథడ్స్ మీకు ఎలాగూ వచ్చినవే. వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ ఇచ్చే జేఆర్ఎఫ్, బయోటెక్నాలజీ విభాగం డీబీటీ పెట్టే బెట్ పరీక్షల ప్రకటనలు కూడా చూడండి. సిలబస్ చాలావరకు కలుస్తుంది. బెట్‌లో కేటగిరీ 1 వస్తే ఫెలోషిప్ మీది. కేటగిరీ 2తో డీబీటీ ప్రాజెక్టులో చేరే అర్హత మాత్రమే, ఈ తేడా గమనించండి.

సెల్‌కల్చర్
నిపా అన్నారు కాబట్టి ఒక మాట. బతికున్న వైరస్‌తో పని అత్యున్నత భద్రత ఉండే బీఎస్ఎల్-4 ల్యాబ్‌లోనే జరగాలి, అంటే పుణె నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ (ఎన్ఐవీ) లాంటి చోట. మామూలు ల్యాబ్ నుంచి లైవ్ వైరస్ ప్రపోజల్ పంపితే రివ్యూయర్లు మొదటి పేజీలోనే పక్కన పెట్టేస్తారు. అంతకంటే తక్కువ భద్రత స్థాయి బీఎస్ఎల్-2 ఉన్న చోట వీఎస్వీ అనే వేరే వైరస్‌తో చేసిన నకిలీ వైరస్ (సూడోవైరస్) మీద నిపా జి, ఎఫ్ ప్రోటీన్లు పెట్టి, అది కణంలోకి ఎలా వెళ్తుందో (ఎంట్రీ), యాంటీబాడీలు ఎలా ఆపుతాయో (న్యూట్రలైజేషన్) చూడొచ్చు. జి ప్రోటీన్ కణం మీదుండే ఎఫ్రిన్-బి2 అనే రిసెప్టర్‌కి అతుక్కుంటుంది, ఎఫ్ వైరస్, కణం మెంబ్రేన్లను కలుపుతుంది. ఆ రెండు మెట్లలోనే పీహెచ్‌డీకి సరిపడా ప్రశ్నలున్నాయి. జన్యువులను మార్చి చేసే ఇలాంటి రీకాంబినెంట్ పనికి ఇన్‌స్టిట్యూషనల్ బయోసేఫ్టీ కమిటీ అనుమతి ముందే తీసుకోండి. లేకుంటే గ్రాంటు వచ్చినా పని మొదలుకాదు.

పేపర్‌వర్క్
విదేశాలకైతే యూరప్ మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లు చూడండి, యూరాక్సెస్ సైట్‌లో ప్రకటనలు వస్తాయి. గత 36 నెలల్లో మీరు చేరబోయే దేశంలో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు, అప్పటికే పీహెచ్‌డీ ఉండకూడదు. అమెరికా పీహెచ్‌డీలో టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్‌ల (టీఏ, ఆర్ఏ) కింద ఫీజు, స్టైపెండ్ సాధారణంగా యూనివర్సిటీయే భరిస్తుంది. అప్పు చేసి వెళ్లకండి.

ఇక్కడ చేరితే డబ్బు ఆగేది ఎక్కువగా కాగితాల దగ్గరే. బ్యాంకు ఖాతాకు ఆధార్ సీడింగ్ (అనుసంధానం) చేయించండి. యూజీసీ ఫెలోషిప్ అయితే యూనివర్సిటీ నెలనెలా పోర్టల్లో కన్ఫర్మ్ చేయాలి. ఆ క్లర్కు సెలవులో ఉంటే స్టైపెండూ ఆగుతుంది కాబట్టి నెల మొదట్లోనే వెళ్లి అడగండి. రెండేళ్లు నిండకముందే ఎస్ఆర్ఎఫ్ అసెస్‌మెంట్ కమిటీకి బయటి ఎక్స్‌పర్ట్ తేదీ ఖాయం చేయించుకోండి.