ఇంటర్‌ఫేస్ కలపగానే హెడ్‌సెట్లలో వాయిస్ తగ్గిపోయింది, టర్మినేషన్ ఎక్కడ ఆన్ చేయాలి?

అలిపిరి99:
అన్నలూ, తిరుపతిలో మాది చిన్న లైవ్ టీం. ఆదివారం ఒక ఆడిటోరియంలో డాన్స్ ప్రోగ్రాం ఉంది, ఐదు కెమెరాలు. మా దగ్గర ఉన్నది మామూలు టూ వైర్ పార్టీలైన్ ఇంటర్‌కామ్ (అందరూ ఒకే లైన్ మీద మాట్లాడుకునేది), ఒక పవర్ సప్లై, ఆరు బెల్ట్‌ప్యాక్‌లు (హెడ్‌సెట్ తగిలించే, నడుముకి పెట్టుకునే పెట్టెలు), మూడేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు. ఈసారి డైరెక్టర్ వేరే గదిలో కూర్చుంటారు, అక్కడ ఫోర్ వైర్ టాక్‌బ్యాక్ (మాట్లాడేది, వినేది వేర్వేరు తీగల్లో పోయేది) ఉంది కాబట్టి రెండింటినీ కలిపే ఇంటర్‌ఫేస్ అద్దెకు తెచ్చాం. నిన్న రాత్రి షాపులోనే కలిపి చూస్తే కెమెరా వాళ్లందరికీ వాయిస్ బాగా తగ్గిపోయింది, పైగా డైరెక్టర్ మాట్లాడితే ఆయన గొంతు ఆయనకే తిరిగి వినబడుతోంది. వాల్యూమ్ పెంచితే కీచుమని అరుస్తోంది. ఇంటర్‌ఫేస్ మీద గొంతు తిరిగి రాకుండా సరిచేసే నల్ స్క్రూలు అటూ ఇటూ ఎంత తిప్పినా లాభం లేదు. దాని వెనక ‘టర్మినేషన్’ అని ఒక స్విచ్ ఉంది, అది ఆన్‌లోనే ఉంది. దాన్ని ముట్టుకోవాలా వద్దా? ఇంకా మూడు రోజులే ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.

లైట్ల_తమ్ముడు:
ముట్టుకోవద్దు బ్రో, ఆన్‌లోనే ఉండనీ. మేం డీఎంఎక్స్ (లైట్లని కంట్రోల్ చేసే సిగ్నల్) లైన్‌కి చివరి లైటు దగ్గర 120 ఓమ్స్ టర్మినేటర్ (రెసిస్టర్) తప్పకుండా పెడతాం, లేకపోతే లైట్లు వాటంతట అవే మినుకుమంటాయి. నీ లైన్‌లో చివర ఉన్న బెల్ట్‌ప్యాక్ దగ్గర కూడా ఒకటి పెట్టి చూడు.

చిత్తూరు_మైకు:
తమ్ముడూ, డీఎంఎక్స్‌కి నువ్వు చెప్పింది నిజమే, కానీ ఇక్కడ అలా చేస్తే పని చెడుతుంది. డీఎంఎక్స్ వేగంగా పోయే డిజిటల్ సిగ్నల్, కేబుల్ చివరి నుంచి వెనక్కి కొట్టకుండా అక్కడ టర్మినేటర్ పెడతారు. ఇంటర్‌కామ్‌లో నడిచేది మామూలు ఆడియో, ఆడిటోరియం అంత దూరానికి ఆ సమస్యే రాదు. ఇక్కడ టర్మినేషన్ చేసే పని వేరు. ప్రతి బెల్ట్‌ప్యాక్ మైకు లైన్‌లోకి కరెంటు రూపంలో సిగ్నల్ వదులుతుంది, ఆ కరెంటు టర్మినేషన్‌లో ఉండే 200 ఓమ్స్ రెసిస్టర్ మీద పడితేనే అందరికీ వినబడే వోల్టేజ్ అవుతుంది. బెల్ట్‌ప్యాక్‌ల సొంత ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి అడ్డు) వేల ఓమ్స్‌లో ఉంటుంది కాబట్టి ఆరు పెట్టినా లైన్‌కి పెద్ద బరువు కాదు.

అందుకే అది కేబుల్ చివర ఉందా మొదట్లో ఉందా అన్నది ముఖ్యం కాదు, ఒక్కో చానల్‌కి ఒక్కటే ఉండాలి, అంతే. మామూలుగా అది పవర్ సప్లైలోనో మెయిన్ స్టేషన్‌లోనో ఉంటుంది. అలిపిరి తమ్ముడూ, నీ పవర్ సప్లైలో 200, ఇంటర్‌ఫేస్‌లో ఇంకో 200, రెండూ ప్యారలల్‌లో పడి 100 అయ్యాయి. లెవెల్ 6 డీబీ దాకా, అంటే వోల్టేజ్ సగానికి పడిపోయింది. నల్ సర్క్యూట్ కూడా 200కి దగ్గరగా ఉండే లైన్ కోసం చేసినది, అందుకే నీ స్క్రూలకి దొరకడం లేదు.

ఇంటర్‌ఫేస్‌లో ఆఫ్ చెయ్. పవర్ సప్లైది మాత్రం ఆఫ్ చేయకు. రెండూ ఆఫ్ అయితే లైన్ మీద అసలు లోడే ఉండదు, లెవెల్ ఒక్కసారిగా లేచి కూత మొదలవుతుంది, చెవికి హెడ్‌సెట్ ఉన్నవాడు పాపం. కొన్ని మోడళ్లలో స్విచ్ పెట్టె లోపలో అడుగునో ఉంటుంది, రెండు చానళ్లకి రెండు ఉంటాయి, మాన్యువల్ ఒకసారి చూడు.

లైట్ల_తమ్ముడు:
ఇది నాకు తెలీదన్నా. తప్పు చెప్పినందుకు సారీ బ్రో.

అలిపిరి99:
అన్నా, ఆఫ్ చేశాను, కెమెరా వాళ్లకి వాయిస్ పాత లెవెల్‌కి వచ్చేసింది. ఇది ఇంత చిన్న స్విచ్ అని తెలియక రాత్రంతా కేబుళ్లు మార్చాం. కానీ డైరెక్టర్‌కి తన గొంతు తిరిగి రావడం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

చిత్తూరు_మైకు:
నల్ సెట్ చేసేటప్పుడు అన్ని బెల్ట్‌ప్యాక్‌ల మైకులూ ఆఫ్‌లో ఉన్నాయా? ఒక్కటి ఆన్‌లో ఉన్నా గదిలో శబ్దం అందులోంచి తిరిగి వస్తుంది, నువ్వేమో అది నల్ తప్పు అనుకుంటావు. టర్మినేషన్ ముందు ఖాయం చేసుకో, తర్వాతే స్క్రూ పట్టుకో. ఫోర్ వైర్ వైపు నుంచి మాట్లాడుతూ, తిరిగి వచ్చేది అతి తక్కువ అయ్యేదాకా తిప్పాలి. ఇంకో మాట, షాపులో పది మీటర్ల కేబుల్‌తో సెట్ చేసింది హాల్లో పనికి రాదు. కేబుల్ పొడవు పెరిగితే దాని కెపాసిటెన్స్ మారుతుంది, దాంతో నల్ కూడా తప్పుతుంది. అక్కడ మొత్తం కేబుల్ పరిచి, ఆరు ప్యాక్‌లూ కలిపాక మళ్లీ మొదటి నుంచి చెయ్.

అలిపిరి99:
మూడో కెమెరా ప్యాక్ మైకు ఆన్‌లో ఉండిపోయిందన్నా! ఇప్పుడు దాదాపు వినబడటం లేదు. శనివారం మధ్యాహ్నం హాల్ తాళం ఇస్తారట, కేబుల్ పరిచాక అక్కడే మళ్లీ సెట్ చేస్తాం. ఇంటర్‌ఫేస్ స్విచ్ మీద ‘ఆఫ్’ అని రాసి టేప్ వేశాను, తీసుకెళ్లేటప్పుడు ఎవరి చెయ్యీ తగలకుండా.

చిత్తూరు_మైకు:
మంచి పని. పవర్ సప్లై స్విచ్ మీద కూడా ‘ఆన్’ అని రాసి ఇంకో టేప్ వెయ్. అద్దె పెట్టె తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం ఆ టేప్ తీసెయ్, వాళ్లు తర్వాత ఎవరికిస్తారో, వాళ్ల లైన్ ఎలా ఉంటుందో మనకి తెలీదు.